ఇంక ఎత్తొద్దు

గొట్టం మంచం మీద పడి ఉంది.

హేమ చంకలో బిందె దించను కూడా దించలేదు. ట్యాంకరు దగ్గర తోపులాటలో తడిసిన కొంగుతో అలాగే గడపలో నిలబడిపోయింది. మొగుడి ముక్కులో ఉండాల్సిన గొట్టం దిండు పక్కన వంకరగా పడి ఉంది. దాని కొసన రాగి జావ చుక్క ఇంకా తడిగానే ఉంది.

"అత్తా! ఎవురు తీసినారు దీన్ని?"

వసారాలో కొర్రలు చెరుగుతున్న ఓబమ్మ చేట పక్కన పెట్టి లోపలికి వచ్చింది. ఈశ్వరప్ప ఎప్పటిలాగే కళ్ళు తెరిచి పైకప్పు వైపు చూస్తున్నాడు. ముక్కు మీద గొట్టం కదలకుండా ప్లాస్టరు అంటించిన చోట చర్మం తెల్లగా పాలిపోయి ఉంది. కొడుకును గొట్టం లేకుండా చూసి ఆ తల్లికి ఎన్నాళ్ళయిందో.

"నా బిడ్డ మొగం," అంది ఓబమ్మ. "నా బిడ్డ మొగం మళ్ళీ కనపడింది."

"నేను అడిగేదేమి, నువ్వు చెప్పేదేమి అత్తా?"

"ఎవురు తీస్తారమ్మీ? నేను వాకిట్లోనే కూచోనుండా. లోపలికి ఒక పురుగు గూడా పోలే. వాడే పీకేసుకున్నాడు. వద్దంటాండాడు వాడు. నోరు లేనోడు ఇంకెట్ల చెప్తాడు?"

హేమ బిందె దించేసింది. నీళ్ళు సగం నేలపాలయ్యాయి. ఈ కరువులో ఒక్క చెంబు నీళ్ళు ఒలికినా ఇల్లెగిరిపోయేలా అరిచే మనిషి, ఇప్పుడు ఆ తడి తొక్కుకుంటూ మంచం దగ్గరికి పరుగెత్తింది.

"ఆయనే పీకినాడా? చెయ్యి కదిలిందా అత్తా? నువ్వు చూసినావా?"

"చూడాల్నా ఏమి? కనపడతాండాది గదా."

ఒకే గొట్టం. అత్తకు అందులో కొడుకు సెలవడగడం కనిపించింది. కోడలికి మొగుడు లేచి రావడం కనిపించింది. ఇద్దరూ ఒకేసారి ఏడ్చారు గానీ, ఒకరి ఏడుపు ఒకరికి అర్థం కాలేదు.

కేక విని పక్కింట్లోంచి బసప్ప వచ్చాడు. ఈశ్వరప్పకు ఒక్కడే తమ్ముడు. వేపపుల్ల నోట్లోనే ఉంది. గొట్టం చూశాడు, అన్నను చూశాడు, వేపపుల్ల తీసి బయటికి విసిరేశాడు.

"వదినా, సార్ ఆ పొద్దు చెప్పింది గుర్తుండాదా?"

హేమకు గుర్తు లేకేం. కదిరిలో ఆస్పత్రి నడిపే శశికుమార్ డాక్టరు సంత రోజు నల్లమాడకు వస్తాడు. వచ్చినప్పుడల్లా ఈ ఇంటికొచ్చి ఈశ్వరప్పను చూసి పోతాడు. పోయిన నెల ఆయన వసారాలో కూర్చుని, మంచినీళ్ళు తాగి, నేల చూపులు చూస్తూ చెప్పాడు. గొట్టం నేను తియ్యను, తియ్యమని మీకు చెప్పను గూడా. కానీ ఎప్పుడన్నా అది ఊడొస్తే మళ్ళీ ఎయ్యాల్నా వద్దా అనేది మీరంతా కూచోని అనుకోండి అన్నాడు. ఆ మాట పూర్తి కాకముందే హేమ లేచి లోపలికి వెళ్ళిపోయింది.

"గుర్తుండాది. ఊడొస్తే అన్నాడు. ఇది ఊడి రాలే బసప్పా, మీయన్న పీకినాడు. మనిషికి తెలివొస్తాండాది. పొయ్యి సార్‌ను పిల్చుకోని రా."

"పిల్చుకొచ్చి ఏమి చెయ్యల్ల? మళ్ళీ దూర్చమనాల్నా?"

"పొద్దున్నుంచి కడుపులో ఏమీ పడలే. ఆకలితో ఉండాడు."

"ఆకలని ఎవురు చెప్పినారు వదినా? ఆయప్పకు ఆకలి తెలీదు, నొప్పి తెలీదు, నువ్వెవరో నేనెవరో తెలీదు. బెంగుళూరులో పెద్ద డాక్టరు పటం చూపించి మరీ చెప్పె. ఊపిరి తీసే తావు మాత్రం మిగిలింది, మిగతా మెదడంతా పోయిందనె."

"పటంలో కనపడతాదా మనిషికి ఏమి తెలుస్తాదో? నువ్వేమన్నా ఆయన తలకాయలో దూరి చూసొచ్చినావా?"

"అది కాదు వదినా. నువ్వు ఆయప్పను బతికిస్తాండావా, సావనీకుండా పట్టుకోనుండావా? నేను గూడా తమ్మున్నే. నాకు చూసేకి కావడం ల్యా."

"చూసేకి కాకపోతే చూడద్దు పో!" హేమ అరిచింది. "ఆ పొద్దు చైను పట్టుకున్న చెయ్యి నీదే గదా. ఆయన కండ్ల ముందర లేకపోతే నీకు మరుపొస్తాది. అందుకే తొందర."



బోరు ఎండిపోయి, మోటరు పైకి లాగుతున్నప్పుడు జరిగింది ఆ ప్రమాదం. మూడు కాళ్ళ స్టాండు మీద నుంచి చైను జారింది. పైకి వచ్చిన ఇనుప పైపు తిరిగొచ్చి ఈశ్వరప్ప తలకు కొట్టింది. చైను దగ్గర ఉన్నది బసప్ప. ఇన్నాళ్ళూ ఆ ముక్క ఎవరూ నోరు తెరిచి అనలేదు. ఊరు అనలేదు, తల్లి అనలేదు. ఇవాళ వదిన అంది.

బసప్ప తన అరచేతుల వైపు చూసుకున్నాడు. కండువా దులిపి భుజాన వేసుకుని బయటికి నడిచాడు. కాసేపటికి బండి స్టార్టయిన చప్పుడు వినిపించింది. ఇవాళ సంత; నల్లమాడ వైపే పోయింది.

వెనక్కి పిలవాలని హేమకు అనిపించింది. పిలవలేదు. కోపం తగ్గక కాదు, సిగ్గుతో.

* * *

ఓబమ్మ కనిపించకుండా పోయి, ఎండెక్కిన తర్వాత తిరిగొచ్చింది. కొంగున ఏదో మూట కట్టుకుని ఉంది. గూట్లోంచి గాజు గ్లాసు తీసి, అందులో నీళ్ళు పోసి, కొంగుముడి విప్పింది. ఎర్రమన్ను.

"ఏమత్తా అది?"

"మన సెనక్కాయ చేని మన్ను. బోరుకాడిది."

హేమకు వెంటనే తెలిసిపోయింది. ఆ పక్క ఊళ్ళలో ప్రాణం పోక కొట్టుకులాడే మనిషికి, దేని మీద ఆశ నిలిచిపోయిందో అది కరిగించి నోట్లో పోస్తారు. బంగారం మీద ఆశ ఉంటే బంగారం కడిగిన నీళ్ళు, ఇంటి మీద ఉంటే గోడమన్ను, చేని మీద ఉంటే చేని మన్ను. ఆ ఆశ తీరితే ప్రాణం సుఖంగా దాటిపోతుందంటారు.

"మీ మామకు గూడా అంతే," అంది ఓబమ్మ వేలితో నీళ్ళు కలుపుతూ. "రూపాయి కడిగిన నీళ్ళు పోస్తే కండ్లు మూయలే. చేని మన్ను పోసినాకనే నెమ్మదిగా పోయె. వీనిదీ ఆ బుద్ధే. ఆ ఎండిన బోరు మీదనే ఉండాది వీని పానం."

"నోట్లో చుక్క పోస్తే ఊపిరి గొట్టంలోకి పోతాదని సార్ ఎన్నిసార్లు చెప్పినాడు! నీ చేతులతో చంపుకుంటావా నీ కొడుకుని?"

"చంపేదా?" ఓబమ్మ తలెత్తింది. కోపం రాలేదు ఆమెకు. అదే హేమను ఇంకా భయపెట్టింది. "నేను కన్నదాన్నమ్మీ. వీడు పుట్టేటప్పుడు రెండు పొద్దులు నొప్పులు పడినా. భయపడి బిగబట్టుకోనుంటి. మంత్రసాని నా తొడ మీద చరిచి, బిగబట్టొద్దు, వదిలెయ్, వదిల్తేనే బిడ్డ గడ్డకు పడతాడనె. వదిల్తి. పడినాడు. ఈ పొద్దు గూడా అదే చెప్తాండా నేను. వదిలెయ్ తల్లీ."

 అత్త తిట్టి ఉంటే హేమ కూడా తిట్టేది. ఇట్లా మాట్లాడితే ఏం చేస్తుంది?

"సార్ వచ్చేదంకా పొయ్యద్దు," అంది చివరికి. "నా మీద ఒట్టు."

"నేను పొయ్యనులే." ఓబమ్మ గ్లాసు తీసుకెళ్ళి గూట్లో పెట్టింది. "తాళి కట్టిచ్చుకున్నదానివి. పోస్తే నువ్వే పొయ్యల్ల."

* * *

జావ పొయ్యి మీద చిక్కబడి తరకలు కట్టింది. హేమ దాన్ని దించి, తడిగుడ్డతో మొగుడి ఒళ్ళు తుడవడం మొదలుపెట్టింది. ఇది రోజూ చేసే పనే. ఇవాళ మాత్రం ఆశగా చేసింది. చెంపలు తుడుస్తూ మాట్లాడింది.

"యా చెయ్యి కదిలించినావు? చెప్పు. నాకు చూపించు ఒకసారి. వాళ్ళకు చూపియ్యకపోతే మాన్లే, నాకు చూపించు."

ఎడమ చెయ్యి దెబ్బ తగిలిన రోజే చచ్చుబడింది. అది కాదు. కుడి చెయ్యి దుప్పటి కింద ఉంది. హేమ దుప్పటి తొలగించింది.

పిడికిలి గట్టిగా బిగుసుకుని ఉంది. గోళ్ళు అరచేతిలో గుచ్చుకోకుండా నిన్న సాయంత్రం ఆమె పెట్టిన గుడ్డచుట్ట ఆ పిడికిట్లోనే ఉంది. అది జారకుండా మణికట్టు చుట్టూ తాను వేసిన ముడి వేసినట్టే ఉంది.

హేమ ఆ ముడి వైపు చూస్తూ ఉండిపోయింది. ఈ చెయ్యి ప్లాస్టరు ఊడదీయలేదు. గొట్టం పట్టుకోలేదు. ఎక్కడికీ కదల్లేదు.

పొద్దున్నుంచి కట్టుకున్న మేడ అంతా కూలిపోయింది. ఏడుపు కూడా రాలేదు. గుడ్డ బకెట్లో వేసి, మొహం మీద చెమట తుడుచుకుందామని అద్దం దగ్గరికి వెళ్ళింది. అద్దం అంచు పొడవునా కూతురు లహరి అంటించిన బొట్టుబిళ్ళలు ఉన్నాయి. స్నానానికి పోయేముందు నుదుటి మీద బిళ్ళ తీసి అద్దానికి అంటించడం ఆ పిల్లకు చిన్నప్పటి అలవాటు. వద్దని ఎన్ని తిట్లు తిట్టినా మానలేదు.

ఆ బిళ్ళల కింద, వరసలోనే, రెండు ప్లాస్టరు ముక్కలు నీటుగా అంటించి ఉన్నాయి.

ఓబమ్మ మొగుడు పోయినప్పటి నుంచి అద్దం ముందు నిలబడిన మనిషి కాదు.

హేమ ఆ రెండు ముక్కలూ గోటితో ఊడదీసి గుప్పిట్లో పట్టుకుంది. వెనక గదిలోకి వెళ్ళి తలుపు దగ్గరికి వేసింది. లహరి బడికి పోకుండా, మూలన పరుపుల మీద మోకాళ్ళు ముడుచుకుని కూర్చుని ఉంది. పదో తరగతి పిల్ల. తల్లి గుప్పిట విప్పి చూపించగానే ఆ పిల్ల మొహం తెల్లబోయింది.

"ఏటికి చేసినావు?"

లహరి మొహం మోకాళ్ళలో దాచుకుంది.

"నోరు తెరిచి చెప్పు. ఏటికి చేసినావే నా తల్లీ?"

"నువ్వు నీళ్ళకు పోయినప్పుడు జావ పట్టినా అమ్మా. పోస్తాంటే ముక్కులోంచి వెనక్కొచ్చె. నాయనకు ఊపిరాడలే. మొగం నల్లగయిపాయ. కండ్లు తెరుచుకోనే ఉండాడు. నన్నే చూస్తాండాడు, నన్ను చూడడం ల్యా." లహరి తలెత్తి తల్లి వైపు చూసింది. "నాకు ఎర్రెద్దు గుర్తొచ్చె."

హేమ పక్కనే కూలబడింది.

పోయిన ఎండాకాలం మేత లేక ఎర్రెద్దు పడిపోయింది. పడిన పశువును లేవదీయడం ఆ ఏడు ప్రతి ఇంటి ముందూ పొద్దుటి పనే. పదిమంది వచ్చి, కడుపు కింద గడలు దూర్చి, మోకులు కట్టి ఎత్తేవాళ్ళు. కాసేపు నిలబడేది. వదిలితే మళ్ళీ కూలిపోయేది. మోకులు ఒరుసుకుని దాని డొక్కలు పుండ్లు పడ్డాయి. ఒకరోజు మనుషులు వచ్చి గడలు తీస్తుంటే ఈశ్వరప్ప అడ్డం పడ్డాడు. ఇంక ఎత్తొద్దు అన్నాడు. దాని తల ఒళ్ళో పెట్టుకుని, తడిగుడ్డతో మూతి తడుపుతూ కూర్చున్నాడు. అది పోయేదాకా లేవలేదు.

"నేను ఆ పొద్దు నాయనతో కొట్లాడినా," అంది లహరి. "మేత ఏస్తే మూతి కదిలిస్తాండాది గదా, ఏటికి వద్దంటివి అని. నాయన ఏమన్నాడో తెల్సునా? అది మన కోసరం నిలబడతాండాది పాపా, దాని కోసరం కాదు అన్నాడు."

"అది ఎద్దు! మీ నాయన ఎద్దా?"

"కాదు."

"ఆయప్ప చెప్పింది ఎద్దు సంగతి. తన సంగతి కాదు."

"తన సంగతి చెప్పేకి ఆయప్పకు టైము యాడుండాది అమ్మా?"

హేమ చెయ్యి పైకి లేచింది. కొట్టబోయిన చెయ్యి ఆ పిల్ల తల మీదికి పోయి ఆగింది. లహరి తల్లి భుజంలో మొహం దాచుకుని వెక్కుతూ చెప్పింది.

"తీసినాక భయమాయ. మళ్ళీ పెట్టేకి చూసినా. పోలేదమ్మా. నాయన ఇప్పుడు సచ్చిపోతాడా? నా వల్లనే సచ్చిపోతాడా?"

ఆ ప్రశ్నతో హేమకు మొగుడి కంటే కూతురి గురించే ఎక్కువ భయం పుట్టింది. నాన్న గొట్టం పీకిన పిల్ల. ఊరు ఆ పేరు పెడితే ఇంక అది ఈ పిల్లను కాటికి పోయేదాకా వదలదు. ఊరు వదిలినా, ఇది తనను తాను వదలదు. బసప్ప తన అరచేతులు చూసుకున్న చూపు గుర్తొచ్చి హేమ కూతురి చేతులు రెండూ పట్టుకుంది.

"విను. నువ్వు ఏమీ తియ్యలే. ఎవురడిగినా నీకు తెలీదు. వసారాలో ఉండే జేజికి గూడా చెప్పద్దు. నా మీద ఒట్టు."

బయట బండి ఆగింది.

* * *

శశికుమార్ డాక్టరు సంచి మంచం పక్కన పెట్టి, ఈశ్వరప్ప కళ్ళలోకి వంగి చూశాడు. ఊపిరి విన్నాడు. బసప్ప గుమ్మానికి ఆనుకుని నిలబడ్డాడు. వదిన మొహం చూడలేదు.

"వాడే పీకేసుకున్నాడు సామీ," అంది ఓబమ్మ. "ఇంక చాలంటాండాడు. మీరే అంటిరి గదా, ఊడొస్తే ఆలోచన చెయ్యమని."

డాక్టరు దుప్పటి ఎత్తి కుడి పిడికిలి చూశాడు. గుడ్డచుట్ట చూశాడు, ముడి చూశాడు. దుప్పటి కప్పేశాడు.

"ఈయన తీసుకోలేదమ్మా. ఎవురో తీసినారు."

ఓబమ్మ దుప్పటి మళ్ళీ ఎత్తి ఆ పిడికిలి చూసింది. తన కొడుకు తనతో మాట్లాడాడని పొద్దున్నుంచి నమ్ముకుంది పాపం.

"అమ్మా, నువ్వా?" అన్నాడు బసప్ప.

"నేనా? నా బిడ్డ మీద ఒట్టు, నేను ముట్టుకోలేదురా!"

"కేసు గీసు పెట్టేకి కాదు నేను అడిగేది," అన్నాడు డాక్టరు నెమ్మదిగా. "ఇట్లాంటి పని దాచిపెట్టుకున్న మనిషి లోపల్లోపల కుళ్ళిపోతాడు. ఆ మనిషిని ఒంటరిగా వదలకూడదు. అందుకే అడుగుతాండా. ఎవురు?"

వెనక గది తలుపు కిర్రుమంది. సందులో లహరి మొహం కనిపించింది. పెదవులు విచ్చుకుంటున్నాయి.

"నేనే తీసినా సార్," అంది హేమ.

బసప్ప తలెత్తాడు. "నువ్వా వదినా?"

"నేనే. చూసేకి కాలేదు. తీసినా. మళ్ళీ భయమేసి ఆయప్పే పీకినాడని అంటి."

అబద్ధం ఎంత సులువుగా వచ్చిందో ఆమెకే ఆశ్చర్యంగా ఉంది. బసప్ప గుమ్మంలోనే కూర్చుండిపోయి కండువాతో మొహం కప్పుకున్నాడు. భుజాలు ఎగిరెగిరి పడుతున్నాయి. "ఇంత మనసులో పెట్టుకోని నన్నంటివా వదినా," అన్నాడు. ఆ గొంతులో నిష్ఠూరం కంటే ఊరటే ఎక్కువ ఉంది.

డాక్టరు అప్పటికే సంచిలోంచి కొత్త గొట్టం ప్యాకెట్టు తీసి ఉన్నాడు. దాన్ని చింపలేదు.

"ఇన్ని దినాలు ఈ ఇంట్లో వద్దన్నోళ్ళంతా ఒకపక్క, నువ్వొక్కదానివి ఒకపక్క. నీ కోసరమే ఏస్తా వచ్చినానమ్మా నేను. తీసినదానివి నువ్వే అయితే, మళ్ళీ ఏసేది ఎవురి కోసరం?"

 అప్పుడు గానీ తాను ఏం చేసిందో హేమకు తెలియలేదు. వెయ్యండి సార్ అంటే, మరి తీసిందేటికి అంటారు. ఆ ప్రశ్నకు జవాబు తలుపు వెనక నిలబడి ఉంది. వద్దు అంటే, మంచం మీద మనిషి పోతాడు. కూతుర్ని కాపాడబోయి మొగుడి తీర్పు తానే చెప్పేసింది.

"ఇప్పుడే చెప్పద్దు," అన్నాడు డాక్టరు ఆమె మొహం చూసి. "సంత ముగిసేదంకా నల్లమాడలోనే ఉంటా. ఎయ్యమంటే ఒక మాట పంపించు, వచ్చి ఏస్తా. మాట రాకపోతే నేను రాను. బాధ లేకుండా చూసుకునేకి మందు మాత్రం బసప్పతో పంపిస్తా. పెదాలు తడుపుతా ఉండండి. లోపలికి మాత్రం ఏమీ పొయ్యద్దు."

ఆయన సంచి సర్దుకుని బయటికి నడిచాడు. దింపి రావడానికి బసప్ప కళ్ళు తుడుచుకుంటూ వెంట పోయాడు.

ఓబమ్మ గూట్లోంచి గ్లాసు తెచ్చింది. అడుక్కు దిగిన మన్నును వేలితో మళ్ళీ కలిపింది. ఆ గ్లాసును కోడలి రెండు చేతుల్లో పెట్టి, తన చేతులు వాటి చుట్టూ వేసింది.

"పెదాలే తడుపుదాం అమ్మీ. సార్ చెప్పినట్టే. వదిలినదానివి నువ్వే గదా, మొదటి చుక్క నీ చేత్తోనే పడల్ల."

హేమ గ్లాసు పట్టుకుని మంచం అంచున కూర్చుంది. ఈశ్వరప్ప పైకప్పు వైపు చూస్తున్నాడు. ఆమె వేలు నీళ్ళలో ముంచింది. ఎర్రటి చుక్క వేలి కొసన నిలబడింది.

"పొయ్యద్దమ్మా!"

లహరి పరుగున వచ్చి తల్లి మణికట్టు పట్టుకుంది. గ్లాసులో నీళ్ళు దుప్పటి మీద ఒలికాయి.

"పొయ్యద్దు. సార్‌ను పిలువు. మళ్ళీ పెట్టమను. నేను..."

ఓబమ్మ మనవరాలి మొహం వైపు, ఆ పిల్ల నోటికి అడ్డం పెట్టిన కోడలి చేతి వైపు మార్చి మార్చి చూసింది. బయట బసప్ప బండి కిక్కు కొట్టాడు. డాక్టరును ఎక్కించుకుని బండి కదిలి, సందు మలుపు తిరిగింది.